గ్రూపులో ఉన్నవాళ్లంతా చందాదారులు కారు

"ఈ రోజుల్లో ఈమెయిల్ ఎవరు చూస్తున్నారండీ? వాట్సాప్ గ్రూపు పెట్టేస్తే పోలా!" సాహిత్య సంస్థ గానీ, కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం గానీ, అమెరికాలో తెలుగు సంఘం గానీ, నెలకో సంచిక తెచ్చే వెబ్ పత్రిక గానీ, వెబ్‌సైట్ సంగతి మాట్లాడుకోవడానికి నలుగురు కూర్చున్న ప్రతిచోటా మొదట వినబడే మాట ఇదే. దాని వెనకాలే రెండోది వస్తుంది: "వార్తలకొక ఎక్స్‌టెన్షను, న్యూస్‌లెటర్‌కొక ఎక్స్‌టెన్షను, ఈ సరంజామా అంతా ఎందుకు? హ్యాకర్లకు దొడ్డిదారి చూపించడం తప్ప." కాస్త తెలిసినవాళ్లుంటే మూడోది కూడా వస్తుంది: "బయట బోలెడు సర్వీసులున్నాయి. మెయిల్ అడ్రసులన్నీ అక్కడ ఎక్కించేద్దాం, వాళ్లే చూసుకుంటారు." తలలు ఊగుతాయి, తీర్మానం అయిపోతుంది, టీ వస్తుంది.

మూడు నోళ్ల నుంచి వచ్చినా మూడింటి సారమూ ఒకటే. చదివేవాళ్ల జాబితా మన చేతిలో ఉండనక్కర్లేదు, రాసిన వార్త మన సైట్లో ఒక పద్ధతిగా ఉండనక్కర్లేదు. దీన్ని కాలంతో పాటు నడవడం అనుకుంటున్నారు. పత్రిక నడిపినవాళ్లెవరూ ఒప్పుకోరు. అచ్చు పత్రికల రోజుల్లో ప్రెస్సు ఎవరిదైనా కావచ్చు, కాగితం అప్పుకు తేవచ్చు, చందాదారుల చిరునామాల రిజిస్టరు మాత్రం సంపాదకుడి బల్ల సొరుగులోనే ఉండేది. ఇప్పుడు ఆ రిజిస్టరునే ముందుగా ఎవరికో అప్పగిస్తున్నాం, అదీ అడక్కుండానే.

నేను చెప్పేది సూటిగా ఇది. వార్తను రికార్డుగా దాచే ఎక్స్‌టెన్షన్, చందాదారుల జాబితాను ఉంచుకుని ఉత్తరం తయారుచేసే ఎక్స్‌టెన్షన్, ఈ రెండూ సైట్ నడిపే సాఫ్ట్‌వేర్ లోపలే ఉండాలి. అది వర్డ్‌ప్రెస్ కానివ్వండి, జూమ్లా, డ్రూపల్, టైపో3 ఏదైనా కానివ్వండి. ఎక్స్‌టెన్షన్ అంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు అదనపు పని నేర్పే తోడు ముక్క, వర్డ్‌ప్రెస్‌లో దాన్నే ప్లగిన్ అంటారు. తయారైన ఉత్తరాలను మోసుకెళ్లి గుమ్మాల్లో వేసే పని ఒక్కటీ బయటివాళ్లకు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా.

ముందు వాట్సాప్ సంగతి తేల్చుకుందాం. గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే, అదీ మన నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. గ్రూపులో చేరిన ప్రతి మనిషి నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది. కథలు చదువుదామని చేరిన అమ్మాయికి మర్నాటి నుంచి ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర్నుంచి గుడ్ మార్నింగ్ గులాబీలు మొదలవుతాయి. సంపాదకుడు పొద్దున్నే పెట్టిన సంచిక లింకు మధ్యాహ్నానికి పుట్టినరోజు శుభాకాంక్షల కిందికి, సాయంత్రానికి ఎన్నికల వీడియోల కిందికి వెళ్లిపోతుంది.

"అయితే చానెల్ పెడదాం" అంటారు. 2023 సెప్టెంబరులో మన దేశానికి వచ్చిన వాట్సాప్ చానెళ్లలో ఈ గోల లేదు, నిజమే. కానీ చానెల్‌ను అనుసరించేవాళ్ల నంబర్లు, మన కాంటాక్టుల్లో ముందే ఉన్నవాళ్లవి తప్ప, నిర్వాహకుడికి తెలియవు. చానెల్‌లో పది వేల మంది ఉన్నా, ఏ కారణానో అది మూతపడితే, వాళ్లలో తెలియనివాళ్లు ఒక్కరికి కూడా "ఫలానా చోటికి మారాం" అని కబురు పెట్టే దారి లేదు. ఆ పది వేల మందీ వాట్సాప్‌కు చందాదారులు. పత్రికకు కారు.

"వాట్సాప్ ఎందుకు మూతపడుతుందండీ" అని నవ్వేవాళ్లు ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ల చరిత్ర ఒకసారి తిరగేయాలి. రచ్చబండ లాంటి సాహిత్య చర్చావేదికలు యాహూ గ్రూప్స్‌లో ఏళ్ల తరబడి నడిచాయి. యాహూ 2020 డిసెంబరు 15న గ్రూప్స్‌ను మొత్తంగా మూసేసింది. బ్లాగులు వెల్లువెత్తిన కాలంలో బ్లాగర్ పక్క పట్టీలో మెయిల్ అడ్రసు ఇచ్చే పెట్టె ఒకటి ఉండేది, గుర్తుందా? దాని వెనక పనిచేసింది గూగుల్ వారి ఫీడ్‌బర్నర్. 2021లో గూగుల్ అందులోంచి మెయిల్ పంపే సదుపాయాన్ని తీసేసింది. గడువులోగా జాబితా దించుకున్న బ్లాగరుకు పాఠకులు మిగిలారు. ఆ కబురు చూసుకోనివారికి ఖాళీ పెట్టె మిగిలింది. 2020 జూన్‌లో టిక్‌టాక్ మీద నిషేధం ఒక్క రాత్రిలో అమల్లోకి వచ్చింది. దేశీయం, తెలుగులో కూడా ఉంది అని ఎందరో ఎగబడిన కూ 2024 జులైలో సెలవు చెప్పింది. "ఇవన్నీ సోషల్ మీడియా, న్యూస్‌లెటర్ సర్వీసులు వేరు" అంటారేమో. ట్విటర్ కొనుక్కున్న రెవ్యూ 2023 జనవరిలో పోయింది. చిన్న రచయితలు ఇష్టపడి వాడుకున్న టైనీలెటర్‌ను దాని యజమాని మెయిల్‌చింప్ 2024 ఫిబ్రవరి ఆఖరున ఆపేసింది. ఆ మెయిల్‌చింప్‌లోనే ఒకప్పుడు 2,000 మంది చందాదారుల దాకా ఉచితం. ఇంట్యూట్ కంపెనీ దాన్ని 2021లో కొన్నాక, 2023 నాటికి ఆ ఉచితం 500కు దిగింది.

వీటిలో ఏదీ చిల్లర దుకాణం కాదని గమనించండి. యాహూ, గూగుల్, ట్విటర్. మూసేసినప్పుడు ఎవరూ దివాలా తీయలేదు కూడా, కూ సంగతి, నిషేధం పడ్డ టిక్‌టాక్ సంగతి వదిలేస్తే. ఆ పని మీద ఆసక్తి పోయింది, మూసేశారు. ఈమెయిల్‌కు ఆ బెడద లేదు. మెయిల్‌ను చేరవేసే ఎస్ఎంటీపీ ప్రమాణం 1982 నాటిది, దానికి యజమాని లేడు. జీమెయిల్ రేపు తలుపులు వేసుకున్నా పాఠకుడు ఇంకోచోట అడ్రసు తెరుస్తాడు, మనం అక్కడికి పంపుతాం. మెయిల్ ఎవరూ చూడరన్న మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటు, రైలు టికెట్టు, వీసా కబురు, ఉద్యోగం ఆఫరు, అన్నీ మెయిల్‌కే వస్తున్నాయి. చూడనివాళ్లు ఎవరు? మనం పంపేది చూడడం లేదంటే లోపం మెయిల్‌లో ఉందా, మనం పంపేదాంట్లో ఉందా?

ఇక "పాత సరంజామా" అన్న నింద. వార్తల ఎక్స్‌టెన్షన్ అంటే చాలామంది మనసులో మెదిలేది హోమ్ పేజీలో కుడి నుంచి ఎడమకు జారిపోతూ ఉండే నాలుగు లైన్లు, పక్కన ఎర్రగా మిణుకుమనే "న్యూ" బొమ్మ. కాలేజీల సైట్లలో, ప్రభుత్వ శాఖల సైట్లలో ఆ బొమ్మ మూడేళ్ల కిందటి టెండరు నోటీసు పక్కన కూడా ఇంకా మిణుకుతూనే ఉంటుంది. నిజానికి ఆ దురవస్థకు కారణం ఎక్స్‌టెన్షన్ ఉండడం కాదు, లేకపోవడం. ఆ లైన్లను ఎవరో పేజీలో చేత్తో రాశారు, తీసేయడం మరిచిపోయారు.

వార్తల ఎక్స్‌టెన్షన్ ఏం చేస్తుందో దగ్గరగా చూద్దాం. టైపో3ని తీసుకుంటాను. డెన్మార్క్‌కు చెందిన కాస్పర్ స్కోర్‌హోయ్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థ జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో విశ్వవిద్యాలయాల నుంచి పురపాలక సంఘాల దాకా నడుస్తోంది. అక్కడ వార్తల పనికి చాలాకాలం టీటీ_న్యూస్ అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది, తర్వాత గియోర్గ్ రింగర్ రాసిన న్యూస్ దాని స్థానంలోకి వచ్చింది. కొత్త వార్త తెరిస్తే ఎదురుగా వచ్చేది తెల్ల కాగితం కాదు, గళ్లున్న ఫారం. శీర్షిక ఒక గడి. టీజర్, అంటే రెండు మూడు వాక్యాల సారాంశం, ఒక గడి. పూర్తి పాఠం ఇంకొకటి. వార్త తేదీ వేరు, అది సైట్లో కనబడడం మొదలవ్వాల్సిన తేదీ వేరు, కనబడడం ఆగాల్సిన తేదీ వేరు, పాత వార్తల్లోకి చేరాల్సిన తేదీ వేరు. ఏ విభాగాల కిందికి వస్తుంది, దీనికి చుట్టరికం ఉన్న వార్తలేవి, ముఖ్య వార్తగా చూపాలా అన్నదానికి ఒక టిక్కు.

ఇదంతా గుమాస్తాగిరీ అని విసుక్కునేవాళ్లుంటారు. సరే, ఒక సభ కబురు తీసుకుందాం. పుస్తకావిష్కరణ శనివారం సాయంత్రం, హాలు ఫలానా. గురువారం రాత్రి హాలు మారింది. ఎక్స్‌టెన్షన్ ఉన్న సైట్లో ఒక్క రికార్డులో ఒక్క చోట హాలు పేరు మారుస్తారు. హోమ్ పేజీ, కార్యక్రమాల పేజీ, పూర్తి వార్త పేజీ, ఫీడు, శుక్రవారం పొద్దున వెళ్లబోయే ఉత్తరం, అన్నిచోట్లా మారిపోతుంది. ఆదివారం నుంచి దానంతటదే పాత వార్తల్లోకి వెళ్లిపోతుంది, ఎర్ర బొమ్మ మిణుకుతూ కూర్చోదు. ఎక్స్‌టెన్షన్ లేని చోట హాలు పేరు మూడు పేజీల్లో, బయటి సర్వీసులో దాచిన ఉత్తరం నమూనాలో, రెండు వాట్సాప్ గ్రూపుల్లో విడివిడిగా ఉంది. రెండు చోట్ల మారుస్తారు. మిగతా చోట్ల చదివినవాళ్లు పాత హాలు దగ్గర వాచ్‌మన్‌ను అడుగుతూ నిలబడతారు. గ్రూపులో అప్పటికే నలుగురైదుగురు ముందుకు తోసేసిన పాత ఆహ్వాన పత్రిక సభ అయిపోయాక కూడా తిరుగుతూనే ఉంటుంది.

ఈ రికార్డు పక్కనే న్యూస్‌లెటర్ ఎక్స్‌టెన్షన్ ఉండడంలోనే అసలు కిటుకు ఉంది. టైపో3లో డైరెక్ట్ మెయిల్ అనే పాత ఎక్స్‌టెన్షన్ పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చుతుంది. సైట్లోని ఒక పేజీనే అది ఉత్తరంగా తీసుకుంటుంది. మామూలు పేజీ కూర్చినట్టే సంచిక కూర్చుతారు, అది ఆ పేజీని హెచ్‌టీఎంఎల్ గానూ, అలంకారాలేమీ లేని మామూలు అక్షరాలుగానూ తయారుచేసి, ముందు పరీక్షకు ఒకరిద్దరికి పంపి, తర్వాత జాబితాలో అందరికీ విడతలు విడతలుగా పంపుతుంది. తిరిగొచ్చిన ఉత్తరాల లెక్క కూడా చూస్తుంది. డ్రూపల్‌లో సింపుల్‌న్యూస్, జూమ్లాలో అసైమెయిలింగ్, వర్డ్‌ప్రెస్‌లో మెయిల్‌పొయెట్, తలా ఒక తీరున ఇదే పని చేస్తాయి. సైట్లో ఉన్న రచనను ఉత్తరంలోకి లాగుతాయి, కాపీ కొట్టి అతికించే పని లేదు. కవిత్వం మాత్రమే కావాలన్నవారికి కవిత్వం, సభల కబుర్లు మాత్రమే కావాలన్నవారికి అవే పంపొచ్చు. బయటి సర్వీసుల్లోనూ విభాగాలుంటాయి, కాదనను. కానీ అక్కడి విభాగాలకు మన సైట్లోని విభాగాల సంగతి తెలియదు. రెండింటికీ పొత్తు కుదర్చడానికి మళ్లీ ఒక మనిషి కావాలి, ఆ మనిషి దసరా సెలవులకు ఊరెళ్తాడు.

తెలుగు విషయంలో ఈ గళ్ల ఫారం ఇంకా అవసరం. ఈ సంగతి ఇంగ్లీషు ఉత్తరాలు నడిపేవాళ్ల సలహాల్లో దొరకదు. యూనికోడ్‌లో "క్షేత్రం" రాస్తే కంటికి కనబడేవి రెండు అక్షరాలు, ఒక సున్నా. లోపల ఎనిమిది సంకేతాలు: క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్నా. సర్వసాధారణంగా వాడే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికీ మూడు బైట్లు, వెరసి 24. ఇంగ్లీషులో 24 బైట్లకు నాలుగైదు మాటలు వస్తాయి. దీని పర్యవసానాలు ఉత్తరం పొడుగునా కనబడతాయి.

మొదటిది తునక. సారాంశం గడి ఖాళీగా వదిలేస్తే చాలా సాఫ్ట్‌వేర్లు వ్యాసం మొదట్లోంచి ఇన్ని అక్షరాలని కత్తిరించి ఉత్తరంలో పెడతాయి. అజాగ్రత్తగా రాసిన ప్లగిన్ బైట్ల లెక్కన కోస్తే చివర్న నల్ల డైమండులో ప్రశ్నార్థకం వస్తుంది. కాస్త జాగ్రత్తగా సంకేతాల లెక్కన కోసినా "స్త్రీల" అన్న మాట "స్త్" దగ్గర ఆగిపోవచ్చు. పాఠకుడు దాన్ని సాఫ్ట్‌వేర్ తప్పుగా చూడడు, పత్రికకు తెలుగు రాదనుకుంటాడు. దీనికి మందు టీజర్ గడి. ఉపసంపాదకుడు రెండు వాక్యాలు సొంతంగా రాయాలి. ఆ గడి అక్కడుండేది అందుకే.

రెండోది లింకు. వర్డ్‌ప్రెస్ శీర్షికనే అడ్రసుగా మార్చుతుంది, తెలుగు సంకేతం ఒక్కోటీ అడ్రసులో శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాలవుతుంది, మొత్తం 200 దాటితే కోసేస్తుంది. "తెలుగు పత్రికల చరిత్ర మొదటి భాగం" అని శీర్షిక పెడితే అడ్రసు "మొ" దగ్గర తెగుతుంది. ఉత్తరంలో ఆ లింకు పెడితే శాతం గుర్తుల దండకంలా ఉంటుంది. ప్రచురించే ముందు అడ్రసు గడిలో చిన్న ఇంగ్లీషు మాటలు చేత్తో రాసుకుంటే సరిపోతుంది, ఇంతే.

మూడోది కాస్త పెద్దది. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన ఉత్తరాన్ని మధ్యలో ఆపి, మిగతాది చూడాలంటే ఇక్కడ నొక్కండి అంటుంది. రెండున్నర వేల మాటల తెలుగు వ్యాసం అంటే ఇరవై వేల సంకేతాలకు అటూఇటూ, అంటే అక్షరాలకే 60 కిలోబైట్లు. పైన డిజైను, బొమ్మల లింకులు, బయటి సర్వీసు ప్రతి లింకుకూ తగిలించే గూఢచారి తోకలు. ఇట్టే 102 దాటిపోతుంది. తెగిపోయేది ఎప్పుడూ అడుగుభాగమే. "ఇక వద్దు" అనే లింకు ఉండేది అక్కడే. అది కనబడని పాఠకుడు ఏం చేస్తాడు? స్పామ్ బటన్ నొక్కుతాడు. రోజుకు 5,000 పైన ఉత్తరాలు పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పెట్టిన నిబంధనల ప్రకారం స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. వెయ్యికి ముగ్గురు. చిన్న పంపకందార్లకూ ఫిర్యాదులు పెరిగితే మంచి జరగదు. కాబట్టి తెలుగు ఉత్తరంలో పూర్తి వ్యాసాలు కుక్కకూడదు. సారాంశం, లింకు, అంతే. అంటే మళ్లీ ఆ టీజర్ గడే. పద్ధతిగా నింపిన రికార్డులున్న సైటుకు ఉత్తరం పది నిమిషాల పని, లేని సైటుకు ప్రతిసారీ పెళ్లి పని.

ఇప్పుడు ఎదుటి పక్షం వాదనల్లో అన్నింటికన్నా బలమైనది తీసుకుంటాను: భద్రత. దీన్ని తేలిగ్గా తీసిపారేయను. 2014 జులైలో మెయిల్‌పొయెట్‌లోనే పెద్ద లోపం బయటపడింది. అడ్మిన్ పేజీల కోసం నడిచే ఒక ఘట్టాన్ని, అది నడుస్తోందంటే ఎదురుగా ఉన్నది అడ్మినే అని ఆ ప్లగిన్ అనుకుంది. నిజానికి లాగిన్ కానివాళ్లు కూడా ఆ ఘట్టాన్ని నడిపించగలరు. ఫలితంగా దారినపోయే ఎవరైనా సర్వర్లోకి ఫైలు ఎక్కించగలిగారు. లోపాన్ని బయటపెట్టిన సుకూరి సంస్థ అంచనాలో కొద్ది వారాల్లోనే దాదాపు యాభై వేల సైట్లు దెబ్బతిన్నాయి. ఘోరమే. అయితే ఇందులో రెండు సంగతులు దాచేస్తున్నారు. లోపం ప్రకటించే నాటికే సరిచేసిన కూర్పు వచ్చేసింది. అప్‌డేట్ చేసుకున్న సైట్ల వైపు నుంచి ఆ తలుపు మూసుకుపోయింది, చేసుకోనివాళ్ల సైట్లు బలయ్యాయి. రెండోది, బయటి సర్వీసు అయితే భద్రం అన్న భ్రమ. 2023 జనవరిలో మెయిల్‌చింప్ ఉద్యోగులను మాయచేసి లోపలికి చొరబడ్డవాళ్లు 133 ఖాతాలను చూశారని ఆ కంపెనీయే ప్రకటించింది. అంతకు ముందు ఏడాది కూడా అలాంటిదే జరిగి, అక్కడి నుంచి చేజిక్కిన ఒక జాబితాలోని జనానికి మోసపు ఉత్తరాలు వెళ్లాయి. జాబితా ఎక్కడున్నా కాపలా కావాల్సిందే. మన దగ్గరుంటే కాపలా కాయాల్సిందెవరో తెలుస్తుంది, అంతవరకే తేడా అనుకున్నా, అది చిన్న తేడా ఏమీ కాదు.

అందుకని ఏ ఎక్స్‌టెన్షన్ పడితే అది వేసుకోమని నేను అనడం లేదు. ఆరు నెలలకు పైగా కూర్పు రానిది, ఇప్పటి వర్డ్‌ప్రెస్‌తోనో టైపో3తోనో పరీక్షించినట్టు చెప్పనిది దగ్గరికి రానివ్వకండి. ఒకే పనికి రెండు ప్లగిన్లు వద్దు. మన సంస్థల సైట్లలో నిజంగా జరుగుతున్నదేమిటంటే, తెలిసిన కుర్రాడొకడు సైట్ కట్టి ఇచ్చి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతాడు, ఆ తర్వాత అప్‌డేట్ బటన్ నొక్కే నాథుడుండడు. ఆ స్థితిలో ఎక్స్‌టెన్షనే కాదు, వర్డ్‌ప్రెస్ కూడా ప్రమాదమే. నింద మాత్రం ఎక్స్‌టెన్షన్ మీద పడుతుంది.

"మేం వేసి చూశాం, ఉత్తరాలన్నీ స్పామ్‌లోకి పోయాయి" అనేవాళ్లు ఇంకొందరు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. నెలకు రెండు వందలకు కొనుక్కున్న షేర్డ్ హోస్టింగ్ సర్వర్ నుంచి వెయ్యి ఉత్తరాలు గుప్పిస్తే స్పామ్‌లోకి పోక ఎక్కడికి పోతాయి? అదే సర్వర్ మీద మనతో పాటు వందల సైట్లుంటాయి, వాటిలో ఒకటి చెత్త పంపితే చాలు, అందరి పేరూ చెడుతుంది. పైగా గంటకు ఇన్ని మెయిళ్లే అని హోస్టింగ్‌వాళ్ల పరిమితి. ఇక్కడే ఉత్తరం రాయడాన్నీ, మోయడాన్నీ కలిపి చూడడం వల్ల గందరగోళం పుడుతోంది. జాబితా, ఉత్తరం మన ఎక్స్‌టెన్షన్‌లో ఉంచుకుని, మోయడానికి మాత్రం ఎస్ఎంటీపీ సర్వీసుకు కలపాలి. అమెజాన్ ఎస్ఈఎస్ వెయ్యి ఉత్తరాలకు తీసుకునేది 10 సెంట్లు, పది రూపాయల లోపు మాట. రేపు ఆ సర్వీసు నచ్చకపోతే సెట్టింగుల్లో నాలుగు గళ్లు మార్చి ఇంకొకరికి ఇవ్వొచ్చు, పాఠకుడికి తెలియను కూడా తెలియదు. దాంతో పాటు డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు నమోదులు ఉండాలి. ఈ ఉత్తరం నిజంగా ఈ డొమైన్ వాళ్లదే అని జీమెయిల్‌కు రుజువు చూపేవి అవే. ఒక పూట పని. ఆ పూట ఎవరూ కేటాయించరు, "ఈమెయిల్ చచ్చిపోయింది" అని మాత్రం తీర్పు ఇచ్చేస్తారు.

పొద్దున ఆరింటికి పంపమంటే మధ్యాహ్నం పన్నెండుకు వెళ్లిందన్న ఫిర్యాదు కూడా ఇలాంటిదే. వర్డ్‌ప్రెస్ గడియారం సొంతంగా తిరగదు, ఎవరైనా సైట్ తెరిచినప్పుడు మాత్రమే చేయాల్సిన పనులేమైనా ఉన్నాయా అని చూసుకుంటుంది. చిన్న సైట్‌ను తెల్లవారుజామున ఎవరు తెరుస్తారు? హోస్టింగ్ ప్యానెల్లో క్రాన్ జాబ్ అనే చోట అయిదు నిమిషాలకోసారి దాన్ని తట్టిలేపమని ఒక లైను రాస్తే ఆరింటికే వెళ్తుంది.

ఎంతమంది తెరిచి చూశారన్న శాతాలు బయటి సర్వీసులో అందంగా కనబడతాయని ఇంకో ఆకర్షణ. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ఉత్తరంలోని బొమ్మలను పాఠకుడు తెరవకముందే తానే దించుకోవడం మొదలుపెట్టాక ఆ శాతాలకు విలువ పోయింది. కమిటీ సమావేశంలో చూపించుకోవడానికి తప్ప పనికిరావు. నలుగురు పాఠకులు ఉత్తరానికి జవాబు రాశారా లేదా చూసుకోవడం మేలు.

బయటి సర్వీసులకైనా, ఎక్స్‌టెన్షన్‌కైనా సంబంధం లేని మన సొంత జాడ్యం ఒకటుంది, అది ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. సభలో సంతకాల పుస్తకంలో మెయిల్ రాసినవాళ్లందరినీ, మనకెప్పుడో ఫార్వర్డ్ చేసిన ఉత్తరంలో కనబడిన అడ్రసులన్నింటినీ జాబితాలో కలిపేసుకోవడం. అడగనివాడికి పంపేది న్యూస్‌లెటర్ కాదు. మంచి ఎక్స్‌టెన్షన్లన్నీ అడ్రసు ఇచ్చాక, "మీరే ఇచ్చారా?" అని ఒక ఉత్తరం పంపి, నొక్కి ఒప్పుకున్నాకే చేర్చుకుంటాయి. ఎప్పుడు ఒప్పుకున్నారో తేదీతో సహా దాచుకుంటాయి. యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లకు పంపేవారికి 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ ఉంది, ఇక్కడ 2023లో చేసిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం ఉంది. రెండూ సమ్మతికి పెద్దపీట వేస్తాయి. గ్రూపులోకి లాగేయడంలో సమ్మతి ఎక్కడుంది?

వాట్సాప్‌ను వదిలేయమని కాదు. సంచిక వచ్చిందని అక్కడా చెప్పండి, ఫేస్‌బుక్‌లోనూ చెప్పండి, చెప్పిన ప్రతిసారీ కింద చందా ఫారం లింకు పెట్టండి. అక్కడి జనాన్ని ఇక్కడికి తెచ్చుకోవడానికే అవి పనికొస్తాయి.

మీ సంస్థ సైట్ చూసే మనిషిని ఈ వారమే ఒకటి అడగండి: మన చందాదారుల జాబితాను, ఎవరు ఎప్పుడు చేరారో తేదీతో సహా, సీఎస్‌వీ ఫైలుగా తీసి ఇవ్వమని. "అది ఫలానా సర్వీసులో ఉంది, పాస్‌వర్డు పాత సెక్రటరీ దగ్గరుంది" అంటే ఆ సెక్రటరీకి ఈరోజే ఫోన్ చేయండి. "జాబితా ఏమీ లేదు, గ్రూపే ఉంది" అంటే సైట్లో చందా ఫారం పెట్టించండి. ఫైలు చేతికి వచ్చాక దాన్ని ఎవరి సొంత జీమెయిల్‌లోనూ కాక, సంస్థ పేరున ఉన్న ఖాతాలో దాచండి. నెలకోసారి కొత్తది తీయించండి.